మొగిలి కనుమలో మూడో గేరు

అనగనగా పలమనేరులో ఒక లారీ డ్రైవరు. స్టాండులో అందరికీ ఆయన మామే, కాబట్టి మనకూ మామే. సొంతానికి ఒక బండి ఉంది, ఆరు గేర్ల పాత టెన్ టైరు. సాయంత్రం మార్కెట్లో టమోటా క్రేట్లు ఎక్కించుకుంటాడు, మొగిలి కనుమ దిగుతాడు, చిత్తూరు మీదుగా తెల్లారక ముందే మద్రాసు కోయంబేడుకు చేరతాడు. ఖాళీ క్రేట్లతో మళ్ళీ అదే కనుమ ఎక్కి ఇంటికొస్తాడు. ఏళ్ళ తరబడి అదే దారి. క్లచ్చు తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోయింది. క్యాబిన్ దిగేటప్పుడు ముందు కుడికాలు నేల మీద పెట్టి, ఎడమకాలిని రెండు చేతులతో పట్టుకుని దించుకుంటాడు.

మామకు ఇద్దరు చెల్లెళ్ళు, చెరొక కొడుకు. ఇద్దరు అల్లుళ్ళకూ 20 ఏళ్ళు దాటాయి, కారు లైసెన్సు చేతికొచ్చి ఏడాది నిండింది. చట్టం ప్రకారం ఇక హెవీ లైసెన్సుకు ఎల్.ఎల్.ఆర్. పెట్టుకోవచ్చు. నేర్చుకునే బండి దగ్గరే తగువు వచ్చింది.

"గేరు బండి మీదే నేర్చుకుంటా మామా," అన్నాడు పెద్దల్లుడు. "ఆటోమేటిక్ మీద నేర్చుకున్నోడు డ్రైవరు కాడు, స్టీరింగు పట్టుకోనుండే ప్యాసింజరు."

"రేపొచ్చే బండ్లన్నీ ఆటోమేటిక్కులే," అన్నాడు చిన్నల్లుడు. "మామ మోకాలు చూసినా నీకు బుద్ధి రాకపోతే ఎట్లన్నా?"

మామ ఎటూ తేల్చలేదు. ఇద్దరికీ ఫీజు కట్టాడు. "నేర్చుకోని రాండి. మామిడికాయలు అయిపోయినాక టమోటా జోరు మీదుంటాది కదా, అప్పుడు చూద్దాం," అన్నాడు.

పెద్దల్లుడు ఊళ్ళోనే ఒక డ్రైవింగు స్కూల్లో చేరాడు. అక్కడున్నది బాడీ మాసిపోయిన గేరు లారీ. ఖాళీ బండి, చదును రోడ్డు, మైదానంలో రివర్సు. కుర్రాడికి చెయ్యి తొందరగా కుదిరింది. చప్పుడు లేకుండా గేరు పడితే గురువు తలూపేవాడు. ఫారం 5 సర్టిఫికెట్ వచ్చింది, పరీక్ష అయింది, లైసెన్సు వచ్చింది. ఆ తర్వాత స్టాండులో రెండో చదువు మొదలైంది. ఆ చదువుకు గురువు ఒకడని కాదు, టీ గ్లాసు పట్టుకున్న ప్రతివాడూ గురువే. చాలామంది ఓనర్లు ట్రిప్పుకు ఇంత డీజిలని లెక్కగట్టి ఇస్తారు, మిగిలితే డ్రైవరుది. మరి మిగిల్చేదెట్లా? "డౌను వచ్చిందంటే న్యూట్రల్ కొట్టెయ్. బండి దానంతటదే పోతాది, నీ డీజిలు నీకుంటాది." పెద్దల్లుడికి ఈ పాఠం స్కూల్లో నేర్చినవాటికన్నా బాగా నచ్చింది.

చిన్నల్లుడు ఊరు దాటి పెద్ద శిక్షణ సంస్థకు పోయాడు. ఏసీ గది, తెర మీద రోడ్డు కదిలే సిమ్యులేటరు, కొత్త ఏఎంటీ లారీ, అంటే ఆటోమేటిక్. క్లచ్చు పెడలే లేదు. మీట 'డి' మీద పెట్టి ఎక్స్‌లేటరు తొక్కితే చాలు. వాడికీ లైసెన్సు వచ్చింది. రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూశారు. ఎవడు ఏ బండి మీద నేర్చుకున్నాడో చెప్పే అక్షరం ఒక్కటీ లేదు. రెండింటి మీదా ట్రాన్స్‌పోర్ట్ అనే ఉంది.

సీజను వచ్చింది.

మొదటి రాత్రి మామ పెద్దల్లుణ్ణి స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తాను క్లీనరు సీట్లో కూర్చున్నాడు. లోడు నిండుగా ఉంది. పలమనేరు దాటాక రోడ్డు కొంతదూరం మెత్తగా పోయి, తర్వాత కనుమలోకి వంగుతుంది. చిత్తూరు కంటే పలమనేరు 300 మీటర్లకు పైగా ఎత్తు. ఆ ఎత్తులో ఎక్కువ భాగాన్ని బండి ఆ కాస్త దూరంలోనే దిగాలి. దిగుడు మొదలవగానే పెద్దల్లుడు మామ వైపు ఓరగా చూసి, మీటను నెమ్మదిగా మధ్యలోకి లాగాడు. ఇంజను చప్పుడు తగ్గింది. గాలి చప్పుడు పెరిగింది.

మామ ఏమీ అనలేదు. మొదటి మలుపులో పెద్దల్లుడు బ్రేకు తొక్కాడు, తుస్సుమంది, బండి ఆగినట్టే ఆగి మళ్ళీ పరుగందుకుంది. రెండో మలుపు, మళ్ళీ బ్రేకు. ఆ తర్వాత తొక్కడమే పనైపోయింది.

"గాలి ముల్లు చూడు," అన్నాడు మామ.

డ్యాష్‌బోర్డు మీద 8 దగ్గర ఉండాల్సిన ముల్లు 6 దాటి కిందికొస్తోంది. లారీ బ్రేకులు పనిచేసేది ట్యాంకులో ఉన్న గాలితో. ఆ గాలిని నింపే కంప్రెసర్ ఇంజనుతోపాటే తిరుగుతుంది. న్యూట్రల్లో ఇంజను గురకపెడుతూ ఉంటే కంప్రెసరూ గురకే పెడుతుంది. తొక్కినప్పుడల్లా గాలి పోతోంది, వచ్చేది మాత్రం అంతంతే. పైగా డ్రమ్ములు వేడెక్కి, లైనరు కాలే వాసన క్యాబిన్లోకి వచ్చేసింది. ఆ వాసన ఒక్కసారి చూసినవాడు మర్చిపోడు.

పెద్దల్లుడు క్లచ్చు తొక్కి నాలుగో గేరుకు తోశాడు. పళ్ళు కరకరలాడాయి, గేరు పడలేదు. ఇంకోసారి తోశాడు, మళ్ళీ అదే. చప్పుడు లేకుండా గేరు వేసే చెయ్యి అది, చదును మీద. ఇక్కడ చక్రాలు ఒక వేగంతో పరుగెడుతున్నాయి, ఇంజను ఇంకో వేగంతో మందంగా తిరుగుతోంది. ఆ రెండూ కలవనిదే గేరు లోపలికి పోదు.

"నాలుగు వద్దు, అయిదు," అన్నాడు మామ, గొంతు పెంచకుండా. "క్లచ్చు వదులు. ఎక్స్‌లేటరు గట్టిగా తొక్కు. ఇంజను అరవనీ. ఇంకా అరవనీ. ఇప్పుడు క్లచ్చు తొక్కి వెయ్." మాటతోపాటే మామ చెయ్యి పెద్దల్లుడి చేతి మీద పడింది. గేరు పడింది. ఇంజను ఒక్క అరుపు అరిచింది, క్రేట్లన్నీ ఒక్కసారి ముందుకు జరిగినట్టయింది. మామ వంగి ఎగ్జాస్టు బ్రేకు స్విచ్చు నొక్కాడు. కాస్త నెమ్మదించాక నాలుగు, తర్వాత మూడు. గాలి ముల్లు మెల్లగా లేచింది.

కనుమ కింద బండి పక్కకు తీసేసరికి వెనక చక్రాల్లోంచి పొగ. పెద్దల్లుడు నీళ్ళ క్యాను పట్టుకుని ఉరికాడు. మామ చెయ్యి అడ్డం పెట్టాడు. ఎర్రగా కాగిన డ్రమ్ము మీద నీళ్ళు పోస్తే పగులుతుంది. దాన్ని దానంతటదే చల్లారనివ్వాలి. రెండు గంటలు కూర్చున్నారు. కోయంబేడు చేరేసరికి మంచి ధర పలికే వేళ దాటిపోయింది. ఆ రాత్రి మిగిల్చిన డీజిలు ఒక టీ ఖర్చుకు కూడా రాదు.

నిజానికి అదీ మిగల్లేదు. గేరులో ఉండి ఎక్స్‌లేటరు వదిలేసిన ఇంజనుకు కనుమ దిగుడులో డీజిలు అందదు. చక్రాలే దాన్ని తిప్పుతాయి. న్యూట్రల్లో అయితే ఆగిపోకుండా ఉండటానికి అది తాగుతూనే ఉండాలి. స్టాండు పాఠం లెక్కలోనే తప్పు. కానీ గేరు తీసెయ్యగానే ఇంజను చప్పుడు తగ్గుతుంది కదా, చెవికి అది పొదుపులాగే వినిపిస్తుంది.

చిన్నల్లుడి వంతు వచ్చింది. మామ స్నేహితుడొకాయన కొత్తగా ఏఎంటీ బండి కొన్నాడు, ఒక ట్రిప్పుకు అడిగి తెచ్చారు. ఈసారి వెనక సీటులో పెద్దల్లుడు కూడా ఎక్కాడు. ముందురోజు పరువు పోయినవాడు, ఇంకొకడి పరువు పోతే చూడాలని మనసులో లేదని చెప్పలేం.

చిన్నల్లుడు హాయిగా నడుపుతున్నాడు. కనుమ మొదలవగానే ఎక్స్‌లేటరు మీంచి కాలు తీశాడు. బండి వేగమందుకుంది. వేగం పెరిగినకొద్దీ గేర్‌బాక్సు ఒక్కో మెట్టూ పైకి పోయింది.

"ఇప్పుడు ఏ గేర్లో ఉన్నాం రా?" అన్నాడు మామ.

"అది బండే చూసుకుంటాది మామా."

"చూసుకోవడానికి బండికి కండ్లు యాడుండాయి?"

చిన్నల్లుడు డ్యాష్‌బోర్డు వంక చూశాడు. అక్కడ ఒక అంకె వెలుగుతోంది, 7. అది గేరు అని వాడికి తెలుసు. కానీ దాన్ని చూసే పని ఇన్నాళ్ళూ పడలేదు. బ్రేకు తొక్కాడు, వదిలాడు, మళ్ళీ తొక్కాడు. పెద్దల్లుడు ముక్కు ఎగబీల్చి, "వాసన," అన్నాడు.

"మీట మీద ప్లస్సు, మైనస్సు అని రాసుండాది గదా. అదెందుకో మీ సారు చెప్పలేదా?"

"టెస్టులో అడగరని వదిలేసినాడు మామా."

చిన్నల్లుడు మీటను 'ఎం'లోకి తోసి మైనస్సు కొట్టాడు. బండి ఒప్పుకోలేదు, కీచుమని అరిచింది. ఆ వేగంలో కింది గేరు వేస్తే ఇంజను పగులుతుందని దానికి తెలుసు. అక్కడిదాకా దాని తెలివి గొప్పదే. ఒకే ఒక్కసారి గట్టిగా బ్రేకు తొక్కి వేగం దించితే అప్పుడు దిగొచ్చింది, 6, 5, 4. ఎగ్జాస్టు బ్రేకు వేశాక, మిగతా కనుమంతా చిన్నల్లుడి కాలు బ్రేకు పెడలును తాకలేదు.

మర్నాడు స్టాండులో పంచాయితీ. ఆటోమేటిక్ గెలిచిందని కొందరు, మామ పక్కన లేకపోతే రెండు బండ్లూ లోయలోనే అని కొందరు. తాళం ఎవడికిస్తావని అడిగారు.

మామ ఎవడికీ ఇవ్వలేదు. ముందు డీజిలు లెక్క ఎత్తేశాడు. ట్రిప్పుకు ఇంత అని జీతం, డీజిలు ఎంత తాగితే అంత, మిగిలిందన్న మాటే లేదు. తర్వాత చెప్పింది విని స్టాండంతా నవ్వింది. స్నేహితుడి ఏఎంటీనీ సీజను మొత్తానికి మాట్లాడుకున్నాడు. ఒకడు నడిపే బండికి ఇంకొకడు క్లీనరుగా పోవాలి. నెలకొకసారి బండ్లు మారాలి, సీట్లు మారాలి.

"హెవీ చేతిలో పెట్టుకోని క్లీనరుగా పోవాల్నా?" అన్నాడు పెద్దల్లుడు.

"నేను పోలేదా? అప్పుడు మాకు స్కూలు యాడిది? ఆ సీట్లో కూర్చుంటే చేతికి పనుండదు, కాలికి పనుండదు. కండ్లు ఊరికే ఉండవు గదా."

ఆ సీజను ఎట్లా గడిచిందో వివరంగా చెప్పాల్సిన పని లేదు. టైర్లు తట్టారు, అద్దాలు తుడిచారు, టార్పాలిన్లు కట్టారు, తిట్టుకున్నారు. మామ నేర్పిన పాత సూత్రం ఒకటి మాత్రం ఇద్దరి నోటా నలిగింది. ఏ గేర్లో కనుమ ఎక్కుతావో ఆ గేర్లోనే దిగు. ఖాళీ క్రేట్లతో ఎక్కిన గేరు నిండు లోడుతో దిగడానికి చాలదు, అప్పుడు ఇంకొకటి తగ్గించు. సీజను చివర్లో ఒక రాత్రి చిన్నల్లుడు ఏఎంటీ నడుపుతున్నాడు. కనుమ ఇంకా కనబడకముందే క్లీనరు సీట్లోంచి పెద్దల్లుడు "నాలుగు" అన్నాడు. అంకె అప్పటికే 4 దగ్గర ఉంది. ఆ ట్రిప్పు నుంచి వచ్చాక మామ పాత బండి తాళాన్ని మేకుకు తగిలించి, ఎవడు ముందు లేస్తే వాడు తీసుకోండన్నాడు.

నీతి

ఈ కథ చెబితే వినేవాళ్ళు తలా ఒక నీతి తీసి చేతిలో పెడతారు. కష్టమైన బండి మీద నేర్చుకుంటే తేలిక బండి దానంతటదే వస్తుందని కొందరంటారు. అదే నిజమైతే పెద్దల్లుడికి ఆ రాత్రి పొగ రాకూడదు. కాలం మారింది, ఆటోమేటిక్ నేర్చుకుని ముందుకు పోవాలని ఇంకొందరంటారు. వాళ్ళకు ఆ 7 అంకె కనిపించలేదన్నమాట. నాకు తోచిన నీతి ఇది. గేరు మార్చేది చెయ్యి అయినా, గాలి ఒత్తిడి అయినా, ఏ గేరు కావాలో తేల్చాల్సింది కన్ను, అదీ దిగుడు మొదలు కాకముందు. ఆ కన్నును తయారుచేసే బడి ఏదైతే అది మంచి బడి. మిగతాదంతా దాని తర్వాత.

ఇంతకీ లారీలో ఆటోమేటిక్ అని మనం అనేది చాలావరకు ఏఎంటీ. లోపల ఉన్నది పాత గేర్‌బాక్సు లాంటిదే. అదే క్లచ్చు ప్లేటు, అవే పళ్ళ చక్రాలు. మన ఎడమకాలూ ఎడమచెయ్యీ చేసే పనిని గాలితోనో విద్యుత్తుతోనో కదిలే మరచేతులు చేస్తాయి, ఎప్పుడు చెయ్యాలో ఒక చిన్న కంప్యూటరు చెబుతుంది. ఆ కంప్యూటరుకు వేగం తెలుసు, ఎక్స్‌లేటరు ఎంత తొక్కామో తెలుసు, చాలా బండ్లలో వాలు ఎంతో కూడా తెలుసు. విదేశాల్లో నడిచే పెద్ద లారీల్లో మ్యాపు చూసి ముందున్న గుట్టను లెక్కగట్టేవి కూడా వచ్చాయి. మలుపు అవతల చెడిపోయి ఆగిన లారీ ఏ మ్యాపులోనూ ఉండదు. గొర్రెల మంద అంతకన్నా ఉండదు.

అంతమాత్రాన ఏఎంటీని తక్కువ చెయ్యడం అన్యాయం. కొత్తవాడు క్లచ్చు, గేరు కుదుర్చుకోవడానికే శిక్షణ కాలంలో సగం తగలేస్తాడు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం హెవీ నేర్చుకునేవాడు కనీసం 15 గంటలు స్టీరింగు పట్టాలి. ఆ 15 గంటల్లో క్లచ్చుతో కుస్తీ ఎంతసేపు, రోడ్డును చదవడం ఎంతసేపు? క్లచ్చు లేని బండి మీద ఆ సమయమంతా అద్దాలకు, బండి పొడవుకు, వెనక చక్రాలు మలుపులో లోపలికి కోసుకుపోవడానికి, దిగుళ్ళకు పెట్టొచ్చు. పెట్టొచ్చు, పెడతారని కాదు. చిన్నల్లుడి సారు ఆ మిగిలిన సమయాన్ని ఏం చేశాడో మనకు తెలుసు.

మోకాలి సంగతీ చిన్నది కాదు. గేరు బండి తోలడమే మగతనమన్నట్టు మాట్లాడేవాళ్ళు హైదరాబాద్ అవుటరు దాటి ఊళ్ళోకి ఒక రాత్రి లోడు తోలి చూడాలి. ఆడపిల్లలు ఈ వృత్తిలోకి రావడానికి ఉన్న అడ్డంకుల్లో గేరుమీట మొదటిది కాదు. అయినా అదీ ఒకటి, అది తొలగితే మంచిదే.

ఇక కాగితం. మన దేశంలో దీని గురించి బెంగ అక్కర్లేదు. 1988 మోటారు వాహనాల చట్టం పదో సెక్షన్లో గేరున్నదీ లేనిదీ అన్న తేడా మోటారు సైకిలుకే ఉంది. లారీలన్నీ ట్రాన్స్‌పోర్ట్ వాహనం అన్న ఒకే మాటలో పడతాయి. ఆటోమేటిక్ మీద నేర్చుకుని పాసైనవాడు మర్నాడు ఆరు గేర్ల పాత బండి ఎక్కితే చట్టం అడ్డు చెప్పదు. అడ్డు చెప్పదన్నదే నాకు భయం. చట్టం వదిలేసిన ఆ సంగతిని ఓనరు చూసుకోవాలి, లేదంటే కుర్రాడే చూసుకోవాలి. మన రోడ్ల మీద ఇవాళ తిరిగే లారీల్లో ఎక్కువ భాగం గేరు బండ్లే. పనికోసం స్టాండుకు పోయినవాడికి మొదట దొరికేది కూడా పాత బండే. టాటా, అశోక్ లేలాండ్, భారత్‌బెంజ్ ఏఎంటీలు తెచ్చినా అవి ఎక్కువగా పెద్ద ఫ్లీట్ల దగ్గరికే పోతున్నాయి. పలమనేరులోనో పిడుగురాళ్ళలోనో బతకదలచినవాడికి గేరు రాకుండా గడవదు. అంచేత, ఊళ్ళో పనిచేసేవాడైతే గేరు బండి మీద నేర్చుకోమనే అంటాను.

విదేశం పోవాలనుకునేవాడి లెక్క వేరు. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. బ్రిటన్‌లో లారీ పరీక్షను ఆటోమేటిక్ మీద పాసైనా, కారు లైసెన్సు గేరు కారు మీద తెచ్చుకున్నవాడైతే గేరు లారీ కూడా నడపొచ్చు. కారుదే ఆటోమేటిక్ లైసెన్సు అయితే లారీకీ కట్టడి పడుతుంది, లైసెన్సు మీద 78 అన్న కోడ్ వేస్తారు. క్లచ్చు ఒకసారి తెలిసిన కాలికి మళ్ళీ పరీక్ష దండగ అన్నది వాళ్ళ లెక్క. అమెరికా ఆ లెక్కను ఒప్పుకోదు. అక్కడ కమర్షియల్ లైసెన్సు పరీక్షను ఆటోమేటిక్ లారీలో ఇస్తే 'ఈ' అనే ఆంక్ష పడుతుంది. గేరు లారీ ముట్టుకోవాలంటే గేరు లారీలో మళ్ళీ పరీక్ష ఇచ్చుకోవాలి. కారణమూ ఉంది. అక్కడి పాత పద్ధతి పెద్ద లారీల గేర్‌బాక్సుల్లో 10, 13, 18 గేర్లుంటాయి, సింక్రోమెష్ ఉండదు. ప్రతి గేరుకూ ఇంజను వేగాన్ని చక్రాల వేగంతో డ్రైవరే కలపాలి. మామ ఆ రాత్రి చేయించిన పని అక్కడ రోజంతా చెయ్యాలన్నమాట. కెనడాలో ఒంటారియో కూడా 2022 జులై 1 నుంచి ట్రాక్టర్ ట్రెయిలర్ల 'ఏ' క్లాసు లైసెన్సుకు ఇలాంటి కట్టడే పెట్టింది.

విచిత్రమేమిటంటే ఈ దేశాలన్నింటిలో కొత్తగా కొనే పెద్ద లారీల్లో ఎక్కువ భాగం ఆటోమేటిక్కులే. కంపెనీ ఉద్యోగం చేసేవాడికి ఆ ఆంక్ష ఏళ్ళ తరబడి తగలకపోవచ్చు. అయినా ఒక పాత బండి కొనుక్కుని సొంతంగా తోలాలనుకున్న రోజున తగులుతుంది. మనవాళ్ళకు ఆ ఆశ లేకుండా ఉండదు కదా. మరి ఇక్కడ కారు లైసెన్సు తీసుకునేటప్పుడే గేరు కారు మీద చెయ్యి కుదుర్చుకుని పోతే, ఏ దేశంలోనైనా మళ్ళీ మొదటినుంచి పరీక్ష రాయాల్సి వచ్చినప్పుడు అదే అక్కరకొస్తుంది.

మామ చేసిన పనుల్లో జనం పట్టించుకోనిది డీజిలు లెక్క ఎత్తెయ్యడం. నాకైతే కథంతా అక్కడే ఉందనిపిస్తుంది. పెద్దల్లుడికి స్కూల్లో ఎవరూ న్యూట్రల్ నేర్పలేదు. నేర్పింది జీతం ఇచ్చే పద్ధతి. మిగిలిన డీజిలు నీదే అన్నంతకాలం ఏ కుర్రాడైనా దిగుడు చూడగానే మీట మధ్యలోకి లాగుతాడు, ఏఎంటీలో ఉన్న 'ఎన్' కూడా నొక్కుతాడు. ఏ గేర్‌బాక్సూ దాన్ని ఆపలేదు. బడి మంచిదా చెడ్డదా అని వాదించుకునే ఓనర్లు ముందు తమ లెక్కల పుస్తకం తెరిస్తే బాగుంటుంది.

ఫీజు కట్టడానికి పోయినప్పుడు ఏ బండి అన్న ప్రశ్నకంటే ముందు అడగాల్సినవి ఉన్నాయి. దిగుడు ఎక్కడ నేర్పుతారు? భీమవరంలో బడి పెట్టినవాడు కనుమ ఎక్కణ్ణించి తెస్తాడు, ఫ్లైఓవరే గతి. పాపం ఆయన తప్పు కాదు. అయితే మారేడుమిల్లికో శ్రీశైలం దారికో ఒక రోజు తీసుకుపోతారా, లేదంటే సిమ్యులేటరులోనైనా చూపిస్తారా అని అడగొచ్చు. ఏఎంటీ అయితే మీట మీద ప్లస్సు మైనస్సు వాడిస్తారా? గేరు బండి అయితే పరుగులో ఉన్నప్పుడు ఇంజను వేగం కలిపి గేరు దించడం నేర్పుతారా? అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కసారైనా లోడుతో నడిపిస్తారా? చాలా చోట్ల బండి ఖాళీగానే తిరుగుతుంది. లోడు లేదంటే నిరాశపడి వెనక్కి రానక్కర్లేదు, లైసెన్సు తెచ్చుకోండి. తెచ్చుకున్నాక ఒక సీజను ఎవరైనా పాత డ్రైవరు పక్కన క్లీనరు సీట్లో కూర్చుంటామని అడగండి. ఇప్పుడు క్లీనర్లు దొరక్క ఒంటరిగా తోలుతున్న డ్రైవర్లు చాలామంది ఉన్నారు, కాదనరు. జీతం సంగతి ఎత్తకపోతే బత్తా, రెండు పూటలా భోజనం వాళ్ళే చూసుకుంటారు.